ఐదు వేల నాలుగు వందల చుట్లు

ఆశ్వయుజ బహుళ షష్ఠి. మబ్బు.
బండి: బుడుంగు. డ్రైవరు: నాగమల్లేశ్వరి. మెకానిక్: నాంచారయ్య. తిరిగిన చుట్లు: లేవు.

మెరక ఆఫీసువాళ్ళు కొత్త పుస్తకం పంపారు. మొదటి పేజీలోనే రూళ్ళు అచ్చేశారు. ఇందులో బండి సంగతులే రాయాలట, ఇంటి సంగతులు రాయకూడదట, సిబ్బందిని హోదాతోనే పేర్కొనాలట. అలాగేనండి. ముప్పై ఒక్క ఏళ్ళుగా నాతో కాపురం చేస్తున్న మనిషిని ఇక నుంచి మెకానిక్ అని రాస్తాను. మెకానిక్ ఈ పూట కూడా అన్నం చల్లారాకే వచ్చాడు. ఇది ఇంటి సంగతి కాదు, బండి సంగతే. అంతసేపూ ఆయన బండి కిందే ఉన్నాడు.

చూస్తున్నది వెనక ఇరుసును. బుడుంగు ఒళ్ళంతా ఒకప్పటి పెద్ద జీపుది. వెనక ఇరుసు మాత్రం ఎప్పుడో కూరగాయలు మోసిన చిన్న వ్యానుది. దొరికినవాటితో కట్టిన బండి మరి. నేను ఇరుసు అంటాను, మెకానిక్ యాక్సిల్ అంటాడు, విరిగేది మాత్రం ఒకటే. ఇప్పటికి రెండుసార్లు విరిగింది. రెండుసార్లూ నా కాలి బరువే కారణమని మెకానిక్ అభిప్రాయం. నాది వేరే అభిప్రాయం. ఇక పేరు సంగతంటారా, కట్టిన మొదటి రోజే దిబ్బ దిగి ఒండ్రులో బుడుంగుమని కూరుకుపోయింది. అప్పటి నుంచి పిల్లలు అలాగే పిలుస్తున్నారు.

పొద్దున రేడియోలో లాకుల దిబ్బ నుంచి మా అక్క సామ్రాజ్యం మాట్లాడింది. ఉప్పునీళ్ళను తాగే నీళ్ళుగా మార్చే వాళ్ళ మంచినీళ్ళ మిషను పూర్తిగా పోయింది. పదకొండు కుటుంబాలు ఇప్పుడు తొట్టిలోని వాననీళ్ళే తాగుతున్నాయి. గ్లాసులు లెక్కపెట్టుకుని తాగితే కార్తీక పౌర్ణమి దాకా వస్తాయట. ఆ పౌర్ణమి పోటుకే పెద్ద పడవ లాకుల దిబ్బ దాకా పోగలదు. ఏడాదికి అదొక్కసారే. ఆఫీసువాళ్ళు ఆ పడవలో వచ్చి చూస్తారు. మంచినీళ్ళు నడుస్తుంటే దిబ్బ పేరు జనం ఉండదగిన దిబ్బల జాబితాలో ఉంటుంది. లేకపోతే అందరినీ పడవెక్కించుకుని మెరకకు తీసుకుపోతారు. మెరక అంటే రెండు రోజుల పడవ ప్రయాణం. అక్కడికి పోయినవాళ్ళు వెనక్కి రావడం నేను చూడలేదు.

కొత్త మిషను మా మిల్లు దిబ్బ మీదే ఉంది. నాలుగు వందల కిలోలు. మా తాటిదోనెలో వేస్తే దోనెతో సహా మునుగుతుంది. ఆ పెద్ద పడవలోనే వేసుకెళ్ళకూడదా అని ఆఫీసును అడిగాను. నీళ్ళు నడుస్తున్న దిబ్బ మీదే పడవ సామాను దించుతుందట, రూలు. ఆ రూలు రాసిన చేతికి దండం పెట్టాలి.

మిషను తీసుకురమ్మని అక్క అడగలేదు. అడగదు కూడా. బావ పోయాక మా దగ్గరికి వచ్చెయ్యమంటే, లాకు గేట్లకు గ్రీజు ఎవరు పెడతారు అంది. అక్కడ గేట్లు తప్ప కాలవే లేదు. ఇవాళ కూడా చెప్పాల్సింది చెప్పి, మీ ఆయన వేళకు తింటున్నాడా అని అడిగి పెట్టేసింది.

ఆశ్వయుజ బహుళ అష్టమి. ఎండ. ఆటు పొద్దున ఎనిమిదికి.
బరువు: మంచినీళ్ళ మిషను. తిరిగిన చుట్లు: 2,260. చేరినది: ఎక్కడికీ కాదు.

అష్టమికి పోటు తక్కువ కాబట్టి ఇవాళ బయలుదేరాం. చుట్ల పుస్తకం తెరిచి డ్యాష్‌బోర్డు మీద పెట్టాను. నాకు కంఠతా వచ్చు, అయినా పెట్టాలి. మిల్లు దిబ్బ నుంచి తూర్పుగా తొమ్మిది వందల చుట్లు పోతే ఎండిన తాటిమాను. అక్కడి నుంచి దక్షిణంగా పద్ధెనిమిది వందలు పోతే వంతెన. వంతెన దగ్గర మళ్ళీ తూర్పుకు తిరిగి రెండు వేల ఏడు వందలు పోతే లాకుల దిబ్బ. మొత్తం ఐదు వేల నాలుగు వందలు.

వంతెన అని పేరేగానీ కంటికి కనపడేదేమీ లేదు. రోడ్డూ వంతెనా మా నాయనమ్మ కాలంలోనే ఒండ్రు కిందికి పోయాయి. అడుగున తారు ఉంది కాబట్టి చక్రం ఆనుతుంది. నాలుగు గజాలు పక్కకు తప్పితే ఆనదు. పాతిన గుంజలను ప్రతి పోటూ పీక్కుపోతుంది. అందుకే మాకు చుట్ల లెక్క. చక్రం ఒక్క చుట్టు తిరిగితే చుట్ల డబ్బాలో టక్కుమని ఒక అంకె జరుగుతుంది. మా పిల్లలకు ఎక్కాలకంటే ముందు చుట్లు వస్తాయి. పెళ్ళి సంబంధాలు కూడా ఐదున్నర వేల చుట్లు దాటి చూడం. ఒక ఆటులో వెళ్ళి రాగలిగినంత వరకే మాకు చుట్టరికం. అక్కను లాకుల దిబ్బకు ఇచ్చేటప్పుడు మా నాన్న ఆ దారి రెండుసార్లు కొలిపించాడు. వంద చుట్లు లోపలే ఉందని తేలాకే తాంబూలాలు పుచ్చుకున్నాడు.

తాటిమాను దాటి రెండు వందల ముప్పై చుట్లు పోయేసరికి బుడుంగు కడుపు ఆనింది. పోయిన నెల వరదకు కొట్టుకొచ్చిన ఒండ్రు అది. మోకాలి లోతు ఉండాల్సింది తొడల దాకా ఉంది. చక్రాలు తారు మీదే ఉన్నాయి, తిరుగుతున్నాయి కూడా. కానీ బండి అడుగు బురద మీద పడుకుంటే తిరిగి ఏం లాభం. తవ్వుకుంటూ వెనక్కి వచ్చేసరికి పోటు మా వెనకే వచ్చింది. మిషను కొత్త గోనెపట్టా అంతా బురద. నేను తిట్టని తిట్టు లేదు. మెకానిక్ ఒక్కసారి కూడా నేను చెప్పలేదా అనలేదు. అంటే బాగుండేది, ఎవరినైనా తిట్టడానికి వీలుండేది.

ఆశ్వయుజ బహుళ ద్వాదశి. ముసురు.
తిరిగిన చుట్లు: లేవు.

మిల్లు వెనక షెడ్డులో వరికోత మిషను ఒకటి నా చిన్నప్పటి నుంచీ పడుంది. కోడిపెట్టలు అందులో గుడ్లు పెడతాయి. దాని చిన్న టైర్లు నాలుగు తీసి కొలిస్తే, మా బుడుంగును నాలుగంగుళాలు పైకి లేపేట్టున్నాయి. ఆ నాలుగంగుళాలుంటే కడుపు ఆనదు. నేను ఎగిరి గంతేశాను. మెకానిక్ ఒక టైరు మీద కూర్చుని చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"పెద్ద టైర్లేత్తే కడుపు ఆనదు. నిజవే," అన్నాడు. "కానీ యాక్సిల్ ఆగదు."

"ఎంత దూరం ఆగుద్ది?"

"అది టైరుని బట్టి కాదు. నీ కాలుని బట్టి."

తరవాత స్పానర్లు రెండు తెచ్చి చూపించాడు. పొట్టి స్పానరుతో తిప్పితే బోల్టు బిగుస్తుంది. అదే బోల్టును పొడుగు స్పానరుతో తిప్పితే తల తెగుతుంది. చక్రం ఎంత పెద్దదైతే, దాన్ని పట్టుకున్న ఒండ్రు చేతిలో అంత పొడుగు స్పానరు ఉన్నట్టు. మధ్యలో నలిగేది ఇరుసు. నాకు అర్థమైంది. అర్థం కానట్టు ముఖం పెట్టాను, ఎందుకంటే ఇంకో దారి లేదని ఆయన నోటితోనే అనిపించాలి. అన్నాడు.

ఆశ్వయుజ అమావాస్య. దీపావళి. పోటు మిల్లు మెట్ల దాకా వచ్చింది.
తిరిగిన చుట్లు: లేవు.

ఈసారి పిల్లలకు టపాకాయలు లేవు, వెల్డింగ్ రవ్వలే. ఇరుసు గొట్టం కింద ఈ చివరి నుంచి ఆ చివరికి ఇనప పట్టీ అతికించాడు మెకానిక్. పిల్లలందరూ దూరంగా కూర్చుని, రవ్వలు లేచినప్పుడల్లా చప్పట్లు కొట్టారు. పట్టీ వేస్తే గొట్టం వంగదు. లోపలి షాఫ్టు సంగతి మాత్రం తన చేతుల్లో లేదన్నాడు. ఎవరి కాళ్ళలో ఉందో చెప్పకుండా నా కాళ్ళ వైపు చూశాడు.

సాయంత్రానికి దానికీ ఉపాయం కనిపెట్టాడు. తుమ్మచెక్క బిళ్ళ ఒకటి చెక్కి, తొక్కుడు పెడలు కింద బిగించాడు. ఇక నేను ఎంత తొక్కినా పెడలు సగానికి మించి దిగదు. అది చూడగానే నాకు ఒళ్ళు మండింది. ఇరవై ఆరేళ్ళుగా నడుపుతున్నాను, నా కాలికి కళ్ళెం వేస్తావా అని అడిగాను. నీ కాలికి కాదు, నీ కంగారుకి అన్నాడు. ఒక పూట మాట్లాడలేదు. ఆ పూట అన్నం మాత్రం పెట్టాను, మెకానిక్ పస్తుంటే బండి పని ఆగుతుంది కాబట్టి.

ఇక్కడి నుంచి మర్నాడు రాస్తున్నది. బరువుల లెక్క మొదలైంది. తలుపులు ఊడదీశాం. వెనక సీటు తీసేశాం. కొత్త టైర్లు తగలకుండా మడ్‌గార్డులు కోసేశాం. ఆఖరికి మెకానిక్ ఒక్కడే మిగిలాడు, డెబ్భై రెండు కిలోలు. నువ్వు ఉండిపో అన్నాను. దారిలో ఇరుసు విరిగితే పాట పాడి అతికిస్తావా అన్నాడు. అయితే నీ బరువుకు సరిపడా ఇంకేదైనా తియ్యమన్నాను. పనిముట్ల పెట్టెలోంచి సగం సామాను తీశాడు, నా సీటు కింది ఇనప చట్రం తీసి పీట వేశాడు. నా పచ్చడి జాడీ తియ్యబోతే చెయ్యి పట్టుకున్నాను. అది అక్కకి.

కార్తీక శుద్ధ పంచమి. తేటగా ఉంది.
తిరిగిన చుట్లు: లేవు.

ఇవాళ చక్రానికి దారం కట్టాం. కొత్త చక్రం వేస్తే అది నేల తాకకముందే డ్రైవరు దాని చుట్టూ పసుపు దారం చుట్టి ముడి వెయ్యాలి. మా దిబ్బల్లో మొదటి బండి నుంచీ ఇదే ఆనవాయితీ. ఆ దారం పొడుగే ఇక ఆ బండికి చుట్టు. జాకీ మీద చక్రం గాల్లో ఉండగా, గాలి నిండుగా కొట్టి, తడి పసుపు దారం చుట్టాను. ఆడవాళ్ళు బియ్యం చల్లారు. ముడి విప్పి కొలిస్తే సరిగ్గా తొమ్మిది అడుగులు. పాత చుట్టు ఏడు అడుగులు. దారాన్ని నా మణికట్టుకు చుట్టుకున్నాను.

చుట్ల పుస్తకం కొత్త లెక్కలో తిరగరాశాను. పాత తొమ్మిది చుట్లకు కొత్తవి ఏడు. తాటిమాను ఏడు వందలు. వంతెన పద్నాలుగు వందలు. లాకుల దిబ్బ రెండు వేల ఒక వంద. మెకానిక్ ఒకసారి సరిచూస్తానన్నాడు. నాకు లెక్కలు నేర్పే మొగుడివా అన్నాను. ఈ మాట హోదాతో రాయడం ఎలాగో తెలియక ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

అక్క రేడియోలో మాట్లాడింది. తొట్టిలో నీళ్ళు జానెడున్నాయి. కొందరు మూటలు కట్టడం మొదలుపెట్టారట. నువ్వు కట్టావా అని అడిగాను. గేట్లకు గ్రీజు అయిపోయింది, వస్తే కొంచెం తీసుకురా అంది. వస్తే అంది. ఇన్నేళ్ళలో అక్క నోట ఆ మాట వినడం ఇదే మొదలు. రేడియో కట్టేసి గ్రీజు డబ్బా తెచ్చి బండిలో పెట్టాను. భయమేసింది, రాయడానికి సిగ్గెందుకు.

కార్తీక శుద్ధ అష్టమి. దట్టంగా మంచు. ఆటు పొద్దున ఎనిమిదిన్నరకు.
బరువు: మిషను, మెకానిక్, గ్రీజు డబ్బా, పచ్చడి జాడీ. తిరిగిన చుట్లు: కింద చూడండి.

తెల్లారగానే మిషను ఎక్కించాం. దిబ్బ అంచున మెకానిక్ నాలుగు టైర్లలోనూ గాలి సగానికి తగ్గించాడు. టైరు వెడల్పుగా పరుచుకుంటే ఒండ్రులో దిగబడదు, ఇరుసుకూ కుదుపు తగ్గుతుంది. మంచి పనే. ఇద్దరికీ తెలిసిన పనే. తరవాత జరిగినదంతా దానివల్లే జరిగింది.

ఎత్తు టైర్ల మీద బుడుంగు దర్జాగా పోయింది. కిందటిసారి కడుపు ఆనిన ఒండ్రు ఇప్పుడు అడుగున జారిపోతోంది. మంచులో పది గజాల ముందుకు చూపు ఆనడం లేదు. ఏడు వందల చుట్లకు తాటిమాను రావాలి. రాలేదు. ఇంకో యాభై చుట్లు పోయాక కనపడింది. చక్రం జారి ఉత్తినే తిరిగి ఉంటుంది, అంకెలు ఎక్కువ పడ్డాయి అన్నాను. జారితే యాక్సిల్ అరుస్తుంది, అరవలేదే అని వెనక నుంచి మెకానిక్ గొణిగాడు. గొణగవద్దన్నాను. అప్పుడే బండి ఆపి ఆలోచించాల్సింది. అక్క మూటలే నా కళ్ళ ముందున్నాయి.

దక్షిణానికి తిరిగి మళ్ళీ సున్నా నుంచి లెక్క. పద్నాలుగు వందలు కాగానే తూర్పుకు తిప్పాను. ముందు ఎడమ చక్రం కిందికి పోయింది. తరవాత బానెట్టు ఆ పక్కకు వాలింది. పచ్చడి జాడీ దొర్లుకుంటూ వచ్చి నా కాలి దగ్గర ఆగింది. వెనక చక్రాలు మాత్రం ఇంకా తారు మీదే ఉన్నాయి. నాకు తెలిసిన వైద్యం ఒకటే. పెడలు తొక్కాను. సగంలో చెక్క తగిలింది.

"ఆ చెక్క తియ్యి," అన్నాను.

"తీత్తాను," అన్నాడు. దిగి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. మోకాళ్ళ దాకా బురద. "తీసాక నువ్వు తొక్కుతావు. తొక్కితే విరుగుద్ది. విరిగాక అక్కకి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచడు. నేను కాలు తీసి పీట మీద పెట్టుకుని ఏడ్చాను. ఆయన నా ఏడుపు అయ్యేదాకా ఆగాడు. తరవాత నా చేయి పట్టుకుని మణికట్టు మీది దారం విప్పుకున్నాడు.

ముందు చక్రం కింద పలక దోపాం. వెనక చక్రం మీద సుద్దతో గీత గీసి, నిదానంగా ఒక్క చుట్టు వెనక్కి రమ్మన్నాడు. బుడుంగు మూలుగుతూ వచ్చింది. గీత ఎక్కడ నేల తాకిందో, తిరిగొచ్చి మళ్ళీ ఎక్కడ తాకిందో రెండు చోట్లా వేలు గుచ్చాడు. మధ్యలో పసుపు దారం పరిచాడు. దారం ఎక్కువైంది. దాని కొస బురదలో వేలాడుతోంది. నేను దిగి నా జానతో కొలిచాను. జానెడుకు రెండు వేళ్ళు తక్కువ.

"మల్లీ, గాలి," అన్నాడు.

అప్పుడు వెలిగింది నాకు. చక్రం గాల్లో ఉండగా, గాలి నిండుగా ఉండగా, మీద ఏ బరువూ లేకుండా కొలిచాం. పాత టైర్లు రాయిలా గట్టివి, ఎక్కడ కొలిచినా ఒకటే. ఇవి సగం గాలితో, నాలుగు వందల కిలోల కింద చపాతీలా పరుచుకున్నాయి. తొమ్మిది అడుగుల చుట్టు నేల మీద ఎనిమిదడుగుల ఐదంగుళాలే నడుస్తోంది. తాటిమాను దగ్గర తప్పింది చక్రం కాదు, మా దారం. అంత మంగళప్రదంగా బియ్యం చల్లి మరీ తప్పు కొలత కొలుచుకున్నాం. నాకు నవ్వొచ్చింది. ఆయనా నవ్వాడు. ఆ బురదలో ఇద్దరం బానెట్టు మీద వాలిపోయి నవ్వాం.

సుద్దతో బానెట్టు మీదే లెక్క వేశాను. ఈసారి ఆయన సరిచూస్తుంటే ఊరుకున్నాను. పాత ఆరు చుట్లకు కొత్తవి ఐదు. అంటే వంతెన పదిహేను వందలకు. మేం వంద చుట్లు ముందే తిరిగాం. వెనక్కి తారు మీదికి ఎక్కి, ఆ వందా పోయాం. మెకానిక్ దిగి గెడ గుచ్చుతూ ముందు నడిచాడు. వంద దగ్గర గెడ రాతికి తగిలి ఠంగుమంది. వంతెన గోడ. నా జన్మలో ఆ చప్పుడంత ఇష్టమైన చప్పుడు వినలేదు.

గంటకు పైగా పోయింది. మిగిలిన దారి రెండు వేల రెండు వందల యాభై చుట్లు. ఆఖరి మూడు వందల చుట్లలో పోటు తిరిగి వచ్చేసింది, చక్రం మధ్యదాకా నీళ్ళు. కాలు సగంలో చెక్క మీద పెట్టి, అలాగే ఉంచాను. అప్పుడు అర్థమైంది, ఆ చెక్క లేకపోతే నేను పదిసార్లు తొక్కి ఉండేదాన్ని.

మంచు విడిపోయి లాకుల దిబ్బ కనపడింది. గట్టు మీద జనం వరసగా నిలబడి ఉన్నారు. మూటలు పట్టుకుని ఉన్నారేమో అనుకున్నాను. దగ్గరికి పోతే, అవి మూటలు కావు, మోకుతాడు. ఇరుసు బలహీనంగా ఉందని రేడియోలో విన్నదట అక్క. ఎత్తు ఎక్కేటప్పుడు దాని మీద బరువు పడకూడదని, పదకొండు ఇళ్ళవాళ్ళనూ పొద్దుట నుంచి గట్టు మీద నిలబెట్టింది. ముందు బంపరుకు తాడు కట్టి లాగారు. నేను పెడలు మీద కాలు పెట్టకుండానే బుడుంగు దిబ్బ ఎక్కింది.

అక్క వచ్చి ముందు ఇరుసు చూసింది, తరవాత నన్ను చూసింది.

"ఎన్ని చుట్లయిందే?"

"దారి తప్పినయి తీసేత్తే, నాలుగు వేల ఐదొందలు."

అక్క వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టుకుంది. "తొమ్మిదొందలు దగ్గరకొచ్చావన్నమాట," అని నా బురద మొహాన్ని తన కొంగుతో తుడిచింది. దూరం మారలేదు, చక్రం మారింది అని చెప్పబోయి ఊరుకున్నాను. ఆమెకు తెలియక కాదు.

అదే రోజు, పొద్దు వాలేముందు.

మెకానిక్ మిషను బిగించాడు. మొదటి గ్లాసు అక్క తాగాలి, ఆ దిబ్బలో ఉప్పు రుచి పట్టే నాలుక ఆమెదే. నోట్లో పోసుకుని చాలాసేపు పుక్కిట ఉంచుకుంది. పదకొండు ఇళ్ళవాళ్ళూ ఆమె గొంతు వైపే చూస్తున్నారు. మింగి, "ఉప్పు లేదు," అంది. రెండో గ్లాసు పట్టి మెకానిక్ చేతికిచ్చి, తాగు మరిదీ అంది. ఆయన సగం తాగి నాకిచ్చాడు. ఒక ముసలాయన తన మూట విప్పి, చెంబు బయటికి తీసుకుని వరసలో నిలబడ్డాడు.

పచ్చడి జాడీ పగల్లేదు. అక్కకు గ్రీజు డబ్బా ఇచ్చాను. తిండి తినకుండా గేట్లకు గ్రీజు పెట్టడానికి పోయింది మహాతల్లి.

ఆఫీసువారికి ఒక మనవి. అన్ని దిబ్బల బండ్లకూ ఇది తెలపగలరు. చక్రానికి దారం నేల తాకకముందు కట్టుకోండి, పండగ పండగే. కొలత మాత్రం బరువు ఎక్కించి, నేల మీద ఒక్క చుట్టు నడిపించి తీసుకోండి.

కార్తీక శుద్ధ నవమి. ఎండ. ఆటు పొద్దున తొమ్మిదిన్నరకు.
బరువు: లేదు. తిరిగిన చుట్లు: సగం.

ఇవాళ బయలుదేరకపోతే ఇక కుదరదు. రేపు దశమి నుంచి పోటు పెరుగుతుంది. పౌర్ణమి దాటి బహుళ పంచమి దాకా ఏ దిబ్బ మీది బండీ కదలదు. ఎవరికీ ట్రిప్పులు ఉండవు. ఎక్కడి బండి అక్కడే, ఎక్కడి మనుషులు అక్కడే.

అక్క మాకు దారికి పెరుగన్నం కట్టింది. మళ్ళీ ఎప్పుడు వస్తావు అని అడగలేదు. గట్టు అంచు దాకా వచ్చి, చేతులు కొంగులో చుట్టుకుని నిలబడింది. నేను పీట మీద కూర్చుని డబ్బాలో అంకెలు సున్నాకు తిప్పాను. పక్కనే మా ఆయన ఎక్కాడు. ఆఫీసువారు క్షమించాలి, ఇవాళ మెకానిక్ అని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆయన అక్క వైపు చూశాడు. నా వైపు చూశాడు. తరవాత కిందికి వంగి, పెడలు కింది తుమ్మచెక్క పీకి జేబులో వేసుకున్నాడు.

"బరువు దిగిందిగా. ఇంక దీంతో పనేంటి," అన్నాడు. ఎదురుగా ఎక్కడో చూస్తూ అన్నాడు.

ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆయన నా కాలిని నమ్మింది లేదు. ఎందుకు తీశాడో అడగలేదు. పెడలు నేలకంటా తొక్కాను. వెనక నుంచి టక్కుమంది. ఈసారి అది చుట్ల డబ్బా కాదు.

అక్క పరిగెత్తుకుంటూ వచ్చింది. విరిగిందా అని అడిగింది. విరిగింది వదినా, షాఫ్టు రెండు ముక్కలు అన్నాడు మా ఆయన, తల దించుకుని. అక్క మమ్మల్ని ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పెరుగన్నం మూట నా ఒళ్ళోంచి తీసుకుని ఇంటి వైపు నడిచింది. నడుస్తూ కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. పొయ్యి వెలిగించిన పొగ కాసేపట్లోనే కనపడింది.

విరిగిన భాగం: వెనక ఇరుసు, కుడి షాఫ్టు.
విరిగిన కారణం: డ్రైవరు గట్టిగా తొక్కడం.

కాదు. మెకానిక్ చెక్క తీసివెయ్యడం. నాంచారయ్య.

పై వాక్యం నా చేతిరాత కాదు. ఎవరి తప్పో ఆఫీసువారే తేల్చుకోవచ్చు. పౌర్ణమి పడవలో కొత్త షాఫ్టు ఒకటి పంపగలరు. మేం లాకుల దిబ్బ మీదే ఉంటాం. తొందరేమీ లేదు.